నానమ్మని రెండోసారి చంపినవాడు

"మా నానమ్మని ఎందుకు చంపావు?"

లైబ్రరీలో తలలన్నీ ఇటు తిరిగాయి. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్న క్వెంటిన్ మేస్ చెవి మీదున్న పెన్సిల్ తీసి, ఏం చెయ్యాలో తోచక మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు. ఎదురుగా డెల్ఫీన్ నిలబడి ఉంది. కాళ్ళకి బురద ఆరిన బూట్లు, చేతిలో నలిగిన రెండు కాగితాలు, ముక్కు మీద కోపం.

"మీ నానమ్మగారు పోయినేడే పోయారు కదా. నువ్వే రాశావు," అన్నాడు గొంతు తగ్గించి.

"పోయింది. ఎనభై ఒకటో ఏట, ఆదివారం మధ్యాహ్నం, గంబో పులుసు రెండో గిన్నె ఖాళీ చేసి, మా తాత టోపీ మీద జోకేసి, ఆ నవ్వు నవ్వుతూనే కుర్చీలో వెనక్కి వాలిపోయింది. అదీ నేను రాసింది. నువ్వేం చేశావ్? ఆవిణ్ణి తీసుకెళ్ళి ఆసుపత్రి వరండాలో స్ట్రెచర్ మీద పడేశావు. ఆరు గంటలు. నల్లావిడ కదాని ఒక్క డాక్టరూ తొంగి చూడలేదట. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదట. హాయిగా పోయిన మనిషిని రెండోసారి చంపావు, అదీ దాహంతో."

లైబ్రేరియన్ దగ్గింది. డెల్ఫీన్ ఆ దగ్గుని లెక్కచెయ్యలేదు.

అసలు ఆ కాగితాన్ని ఇతని చేతుల్లో పెట్టింది తనే కదా అని లోపల ఒక గొంతు సణుగుతూనే ఉంది. ఆ సణుగుడు వల్ల కోపం ఇంకా పెరిగింది.

ఇద్దరిదీ హైస్కూల్లో ఆఖరి ఏడాది. గుర్రాల డాక్టరు కావాలని డెల్ఫీన్‌కి ఆరేళ్ళప్పటినుంచీ పట్టుదల. టెక్సస్ మొత్తమ్మీద ఆ చదువుకి ఆమె కంటికి ఆనిన యూనివర్సిటీ ఒక్కటే. దరఖాస్తుకి ఆఖరి తేదీ డిసెంబరు ఒకటి, సోమవారం. మార్కులున్నాయి, టీచర్ల ఉత్తరాలున్నాయి. మిగిలింది ఆరువందల యాభై మాటల వ్యాసం. నువ్వెవరివో చెప్పు అన్నది విషయం.

తనెవరో డెల్ఫీన్‌కి తెలుసు కాబట్టి తెలిసిందే రాసింది. ప్రెయిరీ వ్యూ చుట్టుపక్కల మట్టి రోడ్ల మీద తాత క్లియోఫస్ నడిపే ట్రైల్ రైడ్ క్లబ్బు గురించి రాసింది. నలభై గుర్రాలు, ఆరు బళ్ళు, నెలకో శనివారం పదకొండు మైళ్ళు. తాతగారి తాత బానిసగా పుట్టి, విడుదలయ్యాక పొగరుబోతు గుర్రాల్ని మచ్చిక చేసి బతికినవాడు. ముందు బండిని ముప్ఫై ఏళ్ళు తోలింది నానమ్మ ఒపలీన్.

కౌన్సెలర్ మిస్ టటిల్ అది చదివి, చాలా బాగుందని ముందే చెప్పేసి, తరవాత నిట్టూర్చింది. సీట్లివ్వడంలో జాతి చూడొద్దని సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక దరఖాస్తులో జాతి గడి ఎవరూ చూడకూడదు, వ్యాసంలో నువ్వు చెబితేనే వాళ్ళకి తెలిసేది అంది. ఇది చదివితే సొంత గుర్రాలున్న డబ్బున్న తెల్లపిల్ల అనుకుంటారు, ఇందులో నీ జాతి ఎక్కడుందమ్మా అని అడిగింది.

గుర్రమెక్కే హక్కు తెల్లవాళ్ళకే రాసిచ్చారా అన్న మాట డెల్ఫీన్ నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. మిస్ టటిల్ మంచి మనిషే. బల్ల మీద ఎప్పుడూ టిష్యూల పెట్టె ఉంటుంది, ఏడ్చే పిల్లల కోసం. ఏడవని పిల్లతో ఏం చెయ్యాలో మాత్రం ఆవిడకి తెలీదు. అందుకని గోడ మీది బోర్డు చూపించింది. అక్కడ నాలుగు పిన్నులతో క్వెంటిన్ వ్యాసం వేలాడుతోంది. అతనికి తొమ్మిదేళ్ళప్పుడు పోలీసులు కారాపి వాళ్ళ నాన్నని రోడ్డు మీద కూర్చోబెట్టిన రోజు గురించి. జరిగిందే. చదివిన టీచర్లందరూ కళ్ళు ఒత్తుకున్నారు. అప్పటినుంచీ అందరి వ్యాసాలూ దిద్దే బాధ్యత అతనికి అప్పగించారు.

శుక్రవారం అతని దగ్గరికి వెళ్ళినప్పుడు డెల్ఫీన్ స్పష్టంగానే చెప్పింది, కామాలు మాత్రమే చూడు అని. అతను కోర్టులో ప్రమాణం చేస్తున్నట్టు చెయ్యెత్తి, "కామాలు మాత్రమే" అన్నాడు. నవ్వితే ఎడమ బుగ్గ మీద ఒక సొట్ట. ఆ సొట్టని తలుచుకుంటూ ఆదివారం పొద్దున ఆమె బూట్లు కూడా కడుక్కుంది. ఆ సంగతి ఇప్పుడు గుర్తొస్తే ఒళ్ళు మండుతోంది. ఆ మధ్యాహ్నమే అతను దిద్దిన వ్యాసం మెయిల్లో వచ్చింది. ఒక్క గుర్రం లేదు. వరండా ఉంది, స్ట్రెచర్ ఉంది, ఆరు గంటలున్నాయి.

"అలాంటివి జరగడం లేదా?" అన్నాడు క్వెంటిన్ ఇప్పుడు.

"జరుగుతున్నాయి. మా చర్చిలో వెర్నెల్ అత్త కూతురికి జరిగింది. అది ఆవిడ బాధ. చెప్పుకోవాలంటే ఆవిడ చెప్పుకుంటుంది. నేను దొంగిలించి నా దరఖాస్తుకి అతికించుకోనా?"

"డెల్ఫీన్, వాళ్ళు ఒక్కో వ్యాసానికి ఏడెనిమిది నిమిషాలే ఇస్తారు. మనం లోపలికి వెళ్ళడానికి వాళ్ళకి తెలిసిన తలుపు ఒక్కటే."

"అయితే ఇంకో తలుపు ఉందని నేర్చుకోమను. తలుపు దగ్గర ఏడిస్తేనే తీస్తామంటే, లోపలున్నవాళ్ళకి సిగ్గులేదు. బయట నిలబడి ఏడవడం నేర్పిస్తున్న నీకు అసలే లేదు."

 ఆమె కోపం దిగలేదు. ఎప్పుడైనా ట్రైల్ రైడ్ చూశావా అని అడిగింది. లేదన్నాడు. గుర్రాలంటే భయమన్నాడు. శనివారం పొద్దున ఏడింటికి మా గేటు దగ్గర ఉండు, చూశాక మాట్లాడు అని చెప్పి, బురద రాలుస్తూ వెళ్ళిపోయింది.

కోపంలో అన్న మాటలు అంత గట్టిగా నిలబడవు. మర్నాడు మిస్ టటిల్ పిలిచి, కొత్త వ్యాసం క్వెంటిన్ తనకీ పంపాడని చెప్పింది. ఆవిడ ముందు అప్పటికే మూడు టిష్యూలు ఉన్నాయి. ఇదేనమ్మా కావలసింది, ఇది పంపితే సీటు నీదే, గుర్రాలది పంపితే నేనేమీ చెప్పలేను అంది. అది తన కథ కాదని డెల్ఫీన్ అంటే, ప్రతి కథలోనూ కొంచెం కల్పన ఉంటుందిలే అని భుజం తట్టింది.

ఆ సాయంత్రం డెల్ఫీన్ ఆసుపత్రి వ్యాసాన్ని దరఖాస్తులో అతికించింది. పంపలేదు, దాచి పెట్టింది. ఆరేళ్ళప్పటినుంచీ కన్న కల ముందు ఒక అబద్ధం ఎంత అని తనకి తనే సర్దిచెప్పుకుంది. అంతలో వంటింట్లోంచి తాత పిలిచాడు. మీ నానమ్మ గురించి కాలేజీకి రాశావట కదా, ఓసారి చదివి వినిపించు అన్నాడు. చెవుడు కాబట్టి రేడియో కట్టేసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని మరీ కూర్చున్నాడు.

డెల్ఫీన్ నోరు తెరిచింది. ఒపలీన్ కూర్చుని నవ్విన కుర్చీలో తాత కూర్చుని ఉన్నాడు. స్ట్రెచర్ అన్న మాట ఆమె గొంతు దాటలేదు. ఇంకా పూర్తి కాలేదు తాతా అని చెప్పి గదిలోకి పారిపోయింది. తనమీద తనకి అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు.

థాంక్స్‌గివింగ్ పండగ తరవాతి శనివారం సన్నగా ముసురు పట్టింది. వస్తాడని డెల్ఫీన్ అనుకోలేదు. ఏడింటికి పది నిమిషాల ముందే, తెల్లటి కొత్త షూస్ వేసుకుని, గొడుగు పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ట్రైల్ రైడుకి గొడుగుతో వచ్చిన మనిషిని క్లబ్బు అదే మొదటిసారి చూడడం. బళ్ళ మీద స్పీకర్లలో అకార్డియన్ పాట మోగుతోంది, ఎవరో సాసేజీలు కాలుస్తున్నారు, పొగ వాన కిందే తచ్చాడుతోంది. గొడుగు చూసి గుర్రాలు చెవులు నిక్కించాయి. డీకన్ అనే కంచరగాడిద అయితే వెనక్కి నాలుగడుగులు వేసింది. చర్చి పెద్దల్లా ఒక పట్టాన దేనికీ ఒప్పుకోదని దానికి ఆ పేరు నానమ్మే పెట్టింది.

"అబ్బాయ్, అది ముడిచెయ్యి. లేకపోతే డీకన్ మమ్మల్నందర్నీ లూసియానా దాకా ఈడ్చుకుపోతుంది," అన్నాడు తాత క్లియోఫస్.

అందరూ నవ్వారు. క్వెంటిన్ కూడా నవ్వాడు. ఆ సొట్ట పడింది. డెల్ఫీన్ చూడనట్టే కళ్ళెం సవరించుకుంది.

తరవాత పది నిమిషాల్లో జరిగింది ఇదీ. డెల్ఫీన్ తన గుర్రానికి జీను బిగిస్తోంది. తాత బళ్ళు లెక్కచూసుకుంటున్నాడు. క్వెంటిన్‌కి పనేమీ లేదు, పనిలేకపోతే అతని చేతులు ఊరుకోవు. వరసకి ముందు ఒక ఎర్రగుర్రం కట్టేసి ఉంది. జీను ఖాళీ. కాళ్ళు పెట్టే రెండు రికాబుల్లోనూ ఆడవాళ్ళ బూట్లు, మడమలు ముందుకి, వేళ్ళు వెనక్కి. పాపం ఎవరో తొందరలో తిరగేసి పెట్టారనుకున్నాడు. అంత భయంలోనూ ధైర్యం చేసి దగ్గరికి వెళ్ళి, ఒక్కో బూటూ బయటికి తీసి, తుడిచి, సరిగ్గా తిప్పి పెట్టాడు.

అకార్డియన్ పాట ఆగిపోయింది. ఎవరో ఆపేశారు. నలభై మంది కదలకుండా నిలబడిపోయారు. 

డెల్ఫీన్ వెనక్కి తిరిగి చూసింది. ఆ గుర్రం పేరు డచెస్. నానమ్మది. క్లబ్బులో ఎవరు పోయినా ఏడాదిపాటు వాళ్ళ గుర్రం ఖాళీ జీనుతో ముందు నడుస్తుంది, రికాబుల్లో బూట్లు తిరగేసి. పోయినవాళ్ళు వెనక్కి తిరిగి మనల్నే చూస్తూ వెళ్తున్నారని లెక్క. ఏడాది నిండిన రైడులో వాగు దగ్గర ఆగి, ఇంటివాళ్ళు ఆ బూట్లు ముందుకి తిప్పి, తొడుక్కుని, ఆ గుర్రమెక్కి ఇంటికి వస్తారు. ఇవాళ్టి రైడుతో ఏడాది నిండుతుంది. ఆ బూట్లు తిప్పాల్సింది డెల్ఫీన్. ఏడాదిగా ఆ క్షణం కోసమే కాచుకుని ఉంది.

"నువ్వు దేన్నీ ఉన్నదున్నట్టు వదిలెయ్యవా?" అంది డెల్ఫీన్. "మా నానమ్మ చావు దిద్దావు, చాల్లేదు. ఇప్పుడు ఆవిడ బూట్లు కూడా దిద్దాలా? నీకు అర్థం కాని ప్రతిదీ తప్పేనా?"

క్వెంటిన్ రెండడుగులు వెనక్కి వేశాడు. తనకి తెలీదన్నాడు. తెలీనప్పుడు అడుగుతారని డెల్ఫీన్ అంది. 

తాత నెమ్మదిగా నడిచి వచ్చి, బూట్లు రెండూ తీసి మళ్ళీ వెనక్కి తిప్పాడు. తరవాత డచెస్ పగ్గం విప్పి, క్వెంటిన్ చేతిలో పెట్టాడు.

"బూట్లు ముట్టుకున్నవాడే వాగుదాకా గుర్రాన్ని నడిపించాలి. మా ఆనవాయితీ."

"అలాంటి ఆనవాయితీ లేదు తాతా."

"ఇవాళ్టినుంచి ఉంది," అన్నాడు తాత, టోపీ సర్దుకుంటూ.

వాగుకి ఆరు మైళ్ళు. మొదటి మైలు క్వెంటిన్ పగ్గాన్ని చివరికంటా పట్టుకుని, గుర్రానికి ఎంత దూరం వీలైతే అంత దూరంగా నడిచాడు. డచెస్ అతని మెడ మీద ఊపిరి వదిలినప్పుడల్లా ఎగిరి పడుతున్నాడు. తెల్ల షూస్ ఏ రంగువో చెప్పడం కష్టమయింది. పక్కనే గుర్రం మీద వస్తున్న డెల్ఫీన్ నవ్వకూడదని ఒట్టు పెట్టుకుని, రెండో మైలు దగ్గర ఆ ఒట్టు తప్పింది.

అతనిలో ఒకటి మెచ్చుకోవాలి. పగ్గం వదల్లేదు, బండెక్కుతానని అడగలేదు. మూడో మైల్లో అతనే మొదలుపెట్టాడు.

"ఆ బూట్ల సంగతి వ్యాసంలో ఎందుకు రాయలేదు?"

"చదివేవాళ్ళకి గుర్రమే అర్థం కావట్లేదు. బూట్లు ఏం అర్థమవుతాయి?"

"నాకు అర్థమయింది."

"నలభై మంది ముందు పరువు పోయాక."

అతను ఒప్పుకున్నాడు. పగ్గం చెయ్యి మార్చుకుని, బోర్డు మీదున్న తన వ్యాసం గురించి చెప్పాడు. తల్లిదండ్రుల మీటింగు రోజున వాళ్ళ నాన్న అది బోర్డు దగ్గర నిలబడి చదివాడట. పక్కన పదిమంది ఉన్నారట. ఇంటికి వెళ్ళేటప్పుడు దారిలో ఒక్క మాటే అడిగాడట.

"ఏమని?"

"'పదిహేడేళ్ళు నీతో ఉన్నాను కదరా, నీకు నేను గుర్తున్నది ఆ ఇరవై నిమిషాలేనా?' అని."

డెల్ఫీన్ గుర్రాన్ని ఆపింది. అతను చూపు నేల మీదే పెట్టుకుని ఉన్నాడు. వాన మొహం మీద పడుతోంది కాబట్టి ఇంకేమీ కనిపించలేదు.

"మీ నాన్న ఎలాంటివాడు?" అని అడిగింది.

స్కూలు బస్సు నడుపుతాడని మొదలుపెట్టాడు. బస్సులో ఎక్కే ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఒక ముద్దుపేరు పెడతాడట. ఎవరి పుట్టినరోజైనా వాళ్ళ గేటు ముందు మూడుసార్లు హారన్ కొడతాడట. పాటలన్నీ తప్పు పాడతాడట, గట్టిగా పాడతాడట. చెబుతూ చెబుతూ క్వెంటిన్ తెలీకుండానే డచెస్ మెడ మీద చెయ్యి వేశాడు. ఆ సంగతి చెబితే తీసేస్తాడని డెల్ఫీన్ చెప్పలేదు.

"ఇదంతా ఎందుకు రాయలేదు?"

"దీనికి ఎవరూ ఏడవరు కదా," అన్నాడు.

ఆ మాట విని డెల్ఫీన్‌కి మళ్ళీ మండింది. ఈసారి అతని మీద కాదు. ఒక మంచి కొడుకుని కూర్చోబెట్టి, నాన్న గురించి రాయమంటే నాన్న అవమానం మాత్రమే రాసేలా తయారుచేసింది ఎవరు? తన మట్టుకు తను, నానమ్మ నవ్వుని తీసేసి స్ట్రెచర్ పెట్టి, దాచి పెట్టలేదూ? ఆ సంగతి అతనికి చెప్పింది. 

"నాకు కామాలు మాత్రమే చూడమని ఎందుకిచ్చావో తెలుసు," అన్నాడు క్వెంటిన్. "నేను మాట తప్పింది ఎందుకో నీకు తెలీదు. నేనూ ఆ యూనివర్సిటీకే దరఖాస్తు పెడుతున్నాను. నీకు రాకపోతే అక్కడ నాలుగేళ్ళు నేనేం చెయ్యాలి? భయమేసింది. నాకు చేతనైన మంత్రం అదొక్కటే."

డెల్ఫీన్ చెవులు వేడెక్కాయి. ఇంత వానలో చెవులు వేడెక్కడం ఏమిటని తనని తనే విసుక్కుంది.

"అందుకని మా నానమ్మని చంపుతావా?"

"తప్పే. ఇంకెవర్నీ చంపను."

వాగు దగ్గర అందరూ ఆగారు. మగవాళ్ళు టోపీలు తీశారు. డెల్ఫీన్ డచెస్ దగ్గరికి వెళ్ళింది. క్వెంటిన్ పగ్గం ఆమెకి ఇచ్చి, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని దూరంగా నిలబడ్డాడు. ఆమె బూట్లు తిప్పింది, తొడుక్కుంది. కుడికాలిది కొంచెం బిగుతు. జీనెక్కి కూర్చున్నాక తాత మొహం చూసింది. ఆయన బాహాటంగా ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు కూడా. ఒపలీన్ ఉంటే ఆ మొహం మీద ఇంకో జోకు వేసేది.

ఆదివారం పొద్దున్నే డెల్ఫీన్ ఆసుపత్రి వ్యాసాన్ని చెరిపేసి, కొత్తది మొదలుపెట్టింది. భోజనాల వేళకి అయిపోయింది. తాత మళ్ళీ రేడియో కట్టేసి కూర్చున్నాడు. ఈసారి మొదటినుంచి చివరిదాకా చదివింది. ఎక్కడా గొంతు ఆగలేదు. తాత టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తరవాత బూట్లు తప్పుగా తిప్పిన కుర్రాడి పేరు అందులో ఎందుకు లేదని అడిగాడు. పేరు అక్కర్లేదని ఆమె అంది. వచ్చే ఆదివారం గంబోకి రమ్మను, కొత్త షూస్ వేసుకురావద్దని చెప్పు అని తాత రేడియో పెట్టుకున్నాడు.

సోమవారం మిస్ టటిల్ ఆ వ్యాసం రెండుసార్లు చదివింది. టిష్యూల పెట్టె మీద చెయ్యి పెట్టింది గానీ తియ్యలేదు. బాగుందమ్మా, కానీ ఇందులో నీ జాతి ఎక్కడుంది అని మళ్ళీ అదే ప్రశ్న అడిగింది.

"ప్రతి వాక్యంలోనూ ఉంది మేడమ్," అంది డెల్ఫీన్. "మా తాతగారి తాతలో ఉంది, మా నానమ్మ బండిలో ఉంది, ఆ బూట్లలో ఉంది. మేం ఏడుస్తుంటేనే మేం ఎవరమో మీకు కనిపిస్తుందంటే, దిద్దాల్సింది నా వ్యాసాన్ని కాదు."

మిస్ టటిల్ మొహం ఎర్రబడింది. కోపమో సిగ్గో డెల్ఫీన్ ఆగి చూడలేదు. బయటికి వస్తుంటే బోర్డు మీద ఖాళీ జాగా కనిపించింది. నాలుగు పిన్నులే ఉన్నాయి.

లైబ్రరీలో క్వెంటిన్ అదే కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. అతని కంప్యూటర్ తెర మీద కొత్త వ్యాసం ఉంది. మొదటి వాక్యంలోనే ఒక బస్సు హారన్ మూడుసార్లు మోగింది. నాన్నకి చదివి వినిపించావా అని డెల్ఫీన్ అడిగింది. వినిపించానన్నాడు. పాటలు తప్పు పాడతాడన్న చోట మాత్రం నాన్న గట్టిగా అభ్యంతరం చెప్పాడట.

డెల్ఫీన్ అతని పక్క కుర్చీలో కూర్చుని తన వ్యాసం తెరిచింది. అతను చేతులు ఒళ్ళో పెట్టుకుని చదివాడు. పూర్తయ్యాక చెవి మీది పెన్సిల్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏమైనా ఉందా?" అంది, ఉండకూడదని కోరుకుంటూ.

"మూడో పేరాలో ఒక కామా తక్కువ," అన్నాడు. "పెట్టనా?"

తెలీనప్పుడు అడగాలని నేర్చుకున్నాడు. డెల్ఫీన్ కీబోర్డు అతని వైపు జరిపింది. అతను ఒక్క కామా పెట్టి చెయ్యి తియ్యబోయాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో దరఖాస్తు పంపేసింది.